కృత్రిమ హృదయ కవాటములు - ఎకో పరీక్ష

పెద్దమండ్యము వంటి మెట్ట గ్రామములలో చెరువు తూము విలువ తెలియనివారుండరు. తూము బిగిసినచో పైరుకు నీరందదు. సరిగా మూతపడకున్నచో చెరువు వట్టిపోవును. మన గుండెలోని నాలుగు కవాటములకును ఈ రెండు విధముల చేటే కలుగును. బాల్యమున గొంతునొప్పి తరువాత వచ్చు కీళ్లవాత జ్వరము ఇందుకు ఒక ముఖ్య కారణము. మిక్కిలి చెడిన కవాటమును తీసి, కృత్రిమ కవాటమును అమర్చుదురు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయందు ఈ శస్త్రచికిత్స జరుగుచున్నది.

కృత్రిమ కవాటములు రెండు విధములు. మొదటిది లోహము, కర్బనము మొదలగు వానితో చేసినది. 1960లో అమెరికాలో డాక్టరు స్టార్, ఇంజనీరు ఎడ్వర్డ్స్ రూపొందించిన, పంజరములో బంతి గల కవాటమును రోగికి అమర్చిరి. తరువాత ఒరుగు బిళ్ల రకము, రెండు రెక్కల రకము వచ్చినవి. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ రూపొందించిన బిళ్ల కవాటమును 1990లో మొదటిసారి రోగికి అమర్చిరి. ఇవి చిరకాలము మన్నును. కాని నెత్తురు గడ్డకట్టకుండ జీవితాంతము మాత్రలు మ్రింగవలెను.

రెండవది పంది కవాటముతో గాని, పశువుల గుండెను కప్పు పొరతో గాని చేసినది. దీనికి ఆ మాత్రలు సాధారణముగా కొద్ది నెలలే చాలును. అయితే ఇది 10, 15 ఏండ్లలో అరిగిపోవచ్చును. పిన్నవయస్కులలో ఇంకను త్వరగా చెడును.

అమర్చిన కవాటము పనితీరును ఎకో పరీక్ష తెలుపును. చెవికి వినబడని ధ్వని తరంగములను ఛాతీపైనుండి పంపి, వాని ప్రతిధ్వనులచే గుండె బొమ్మను చూతురు. కోతయు లేదు, నొప్పియు లేదు. ఇరుకు సందునుండి నీరు వడిగా చిమ్మునట్లు, ఇరుకైన కవాటము గుండ నెత్తురు వేగముగా పోవును. ఆ వేగమును కొలిచి అడ్డు ఎంతయో లెక్కింతురు. వెనుకకు కారుటను గుర్తింతురు. లోహపు నీడచే బొమ్మ మరుగైనచో, గొంతు గుండ అన్ననాళములోనికి గొట్టమును దింపి చూతురు.

బాగుగా పనిచేయు కృత్రిమ కవాటమునందు సైతము ఈ వేగము కొంత హెచ్చుగనే యుండును. కావున శస్త్రచికిత్స అయిన కొద్ది వారములకు తీసిన మొదటి ఎకో కాగితమే తరువాతి పరీక్షలకు కొలబద్ద. దానిని భూమి పట్టావలె భద్రపరచవలెను.

ఒంట్లో కులాసాగా నున్నదని మాత్రలు మానుట ప్రాణాపాయకరము. గడ్డ చేరి కవాటము బిగిసిపోవచ్చును. మెదడుకు పోయి పక్షవాతము రావచ్చును. మోతాదును రక్తపరీక్ష ననుసరించి వైద్యుడే నిర్ణయింపవలెను. గర్భము కోరు స్త్రీ ముందుగనే వైద్యుని సలహా పొందవలెను.

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఒక్కటే. మీ గ్రామమున ఇట్టివా రెవరో తెలిసికొని, మాత్రలు, పరీక్షలు తప్పకుండ చూడుడు. కొత్తగా ఆయాసము వచ్చినను, లోహ కవాటపు టిక్కుటిక్కు మందగించినను, కాలుసేయి పడిపోయినను తెల్లవారువరకు ఆగక 108 వాహనమును పిలిపింపుడు.