సహాయపు సొమ్ము మగ్గమునకు చేరు దారి

మిల్లు బట్టపై గజమునకు మూడు దమ్మిడీలు, అనగా పావు అణా, సుంకము వేసి ఆ సొమ్మును ఖద్దరునకును చేనేతకును వినియోగించుటకై 1953లో కేంద్ర ప్రభుత్వము చట్టము చేసినది. అంతకు ముందు యేడే, 1952లో, అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడినది. 2020లో ఆ బోర్డు రద్దయినది. ఇట్టి సహాయము సంఘములకు కొంత అప్పుగా వచ్చినది, కొంత రిబేటుగా పోయినది. ఈ రెండింటికి గల భేదము మన నేత కుటుంబములన్నిటికి తెలియవలెను.

రిబేటు వలన కొనువారికి ధర తగ్గును. పండుగలకు సరుకు కదలును, నిజమే. కాని తగ్గించిన మొత్తమును సంఘము ముందుగా తానే భరించి, తరువాత రాబట్టుకొనవలెను. అది ఆలస్యమైనచో నూలుకు డబ్బుండదు. ఒక పర్యాయము మేమును ఈ చిక్కున పడితిమి. లెక్కలో లాభము, పెట్టెలో సున్న. పడుగు అడిగిన సభ్యులకు సమాధానము చెప్పలేకపోతిమి.

మూలధనముగా వచ్చిన సొమ్ము అట్లు గాదు. అది నూలై, బట్టయై, మరల సొమ్మై తిరుగును. అయితే బట్ట అమ్ముడుపోవలెను గదా! 1935లో మద్రాసున ఏర్పడిన కో-ఆప్టెక్స్ వంటి కేంద్ర సంఘముల అవసరము అచ్చటనే.

తెలుగునాట మరియొక ప్రయత్నము జరిగినది. మల్‌మల్, ఖాదీ అను రెండు మాటలను కలిపి దానికి మల్ఖా అని పేరు పెట్టిరి. పూనుకొన్నవారిలో ముఖ్యులు ఉజ్రమ్మగారు. గింజ తీసిన దూదిని మిల్లులకు పంపుటకై గట్టిగా అదిమి బేళ్ళు కట్టుదురు. మిల్లులో మరల దానిని బాది విడదీయుదురు. ఇందువలన పోగు జీవము చెడునని వీరి వాదము. కావున బేలు కట్టకయే, పత్తి పండు ప్రాంతముననే చిన్న యంత్రములపై వడికి, ఆ నూలును చేమగ్గములకు ఇచ్చిరి. ఇట్టి పనికి సహాయము కావలసినది యంత్రములకు, పని నేర్పుటకు. బట్ట ధర తగ్గించుటకు గాదు. ధర మాత్రము మిల్లు బట్ట కంటె ఎక్కువే. సామాన్యుని పంచెకు ఇది పనికివచ్చునా యని మాకు సందేహము.

దూరదేశములందును ఇదే చిక్కు. పసిఫిక్ సముద్రములోని పాపువా న్యూగినీలో స్త్రీలు మగ్గము లేకయే చేతితో బిలుమ్ అను సంచులు అల్లుదురు. ఒక్క సంచికి వారముల తరబడి పని పట్టును. ఆస్ట్రేలియాలో వాటిని తెప్పించి అమ్ము సంస్థలున్నవి. అల్లిన ఆమెకు డబ్బు సంచి ఇచ్చిననాడే ముట్టునా, అమ్ముడుపోయిన తరువాతనా అన్నదే అచ్చటను అడుగవలసిన మాట.

రాబోవు మహాజన సభలో సభ్యులు రిబేటు ఎంత యని మాత్రమే అడుగవద్దు. నూలు నిల్వకు ఎంత, అది ఎన్నాళ్ళలో తిరిగి చేతికి వచ్చును అనియు అడుగుడు. లెక్కల పుస్తకములు ఇండూరు కార్యాలయమున ఎవరైనను చూడవచ్చును.