అమ్మమ్మల నోట నిలిచిన భాష

జపాను దేశంలో ఉత్తరాన ఒక పెద్ద దీవి ఉంది. దాని పేరు హొక్కైడో. అక్కడ చలి ఎక్కువ. చలికాలంలో మంచు కురుస్తుంది. ఆ దీవిలోని ఆదివాసులను ఐనూలు అంటారు. వాళ్ల భాషలో ఐనూ అంటే మనిషి అని అర్థం.

వెనకటి రోజుల్లో ఐనూలు అడవినీ, ఏటినీ నమ్ముకొని బతికేవారు. జింకలను వేటాడేవారు. సాల్మన్ అనే చేపలు ఏటా సముద్రం నుంచి ఏళ్లలోకి ఎదురీదుతూ వస్తాయి. మనకు అన్నం ఎలాగో, వాళ్లకు ఆ చేప అలాగ. ఆడవాళ్లు చెట్టు బెరడు నుంచి నార తీసి బట్టలు నేసేవారు. వాటి మీద అందంగా కుట్టుపని చేసేవారు. నిప్పు, ఎలుగుబంటి, గుడ్లగూబ వాళ్లకు దేవతలు.

మరి వీళ్లకు కష్టం ఎలా వచ్చింది?

1869లో జపాను ప్రభుత్వం ఆ దీవికి హొక్కైడో అని పేరు పెట్టి, తన ఏలుబడిలో కలుపుకుంది. జపాను రైతులు వేలల్లో వలస వచ్చారు. అడవులు కొట్టి పొలాలు చేశారు. ఏటిలో సాల్మన్ పడితే నేరమన్నారు. జింకల వేట కూడా ఆపించారు. ఐనూ ఆడవాళ్లు పెదవుల చుట్టూ పచ్చబొట్టు పొడిపించుకునేవారు. అది తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చిన ఆచారం. 1871లో దాన్నీ వద్దన్నారు.

1899లో ఐనూల కోసం ఒక చట్టం వచ్చింది. పేరుకు అది రక్షణ చట్టం. సేద్యం చేసుకోమని కుటుంబానికి 12 ఎకరాల దాకా భూమి ఇస్తామన్నారు. కాని మంచి భూములు చాలావరకు అప్పటికే వలసవాళ్ల చేతికి పోయాయి. 15 ఏళ్లలోగా సాగు చేయకపోతే ఇచ్చిన భూమి వెనక్కి తీసుకునేవారు. బడిలో జపాను భాషే చెప్పేవారు. ఐనూలంటే అందరికీ చిన్నచూపు. పిల్లలైనా అవమానాలు పడకూడదని తల్లిదండ్రులే ఇంట్లో ఐనూ మాట్లాడటం మానుకున్నారు.

అయినా భాష పూర్తిగా పోలేదు. ఎందుకని? ముసలమ్మలు మరిచిపోలేదు కాబట్టి.

చిరి యుకియే అనే ఐనూ అమ్మాయి 1903లో పుట్టింది. అమ్మమ్మ దగ్గర, పెద్దమ్మ దగ్గర పెరిగింది. అమ్మమ్మ దేవతల పాటలు పాడుతుంటే విని నేర్చుకుంది. ఐనూ భాషకు లిపి లేదు. అందుకని యుకియే ఆ పాటలను ఇంగ్లీషు అక్షరాలతో రాసింది. పక్కనే జపాను భాషలో అర్థం చెప్పింది. ఆ పని ముగించి, 1922లో 19 ఏళ్లకే గుండె జబ్బుతో చనిపోయింది. మరుసటి ఏడు ఆమె పుస్తకం అచ్చయింది. దాన్ని నేటికీ చదువుతున్నారు.

కయానో షిగేరు నిబుతాని అనే ఊళ్లో 1926లో పుట్టాడు. ఆయనా నానమ్మ చెప్పిన కథలు వింటూ పెరిగాడు. ఆయన చిన్నతనంలో, సాల్మన్ పట్టినందుకు తండ్రిని పోలీసులు పట్టుకుపోయారు. పెద్దయ్యాక ఆయన ముసలివాళ్ల కథలను టేపుల్లో ఎక్కించాడు. పిల్లలకు ఐనూ నేర్పించాడు. 1994లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. అలా అయిన మొదటి ఐనూ ఆయనే. ఆ సభలో ఐనూ భాషలో మాట్లాడాడు.

నిబుతానిలో ఆనకట్ట కోసం ప్రభుత్వం భూములు తీసుకుంటే, ఆయన, ఇంకో కుటుంబం కోర్టుకు వెళ్లారు. ఐనూలు ఆ నేల ఆదివాసులనీ, ఆ భూములు తీసుకోవడం చట్టవిరుద్ధమనీ 1997లో కోర్టు చెప్పింది. కాని ఆనకట్ట కట్టడం అప్పటికే అయిపోయింది. దాన్ని తీయించలేదు. అదే ఏడు 1899 నాటి చట్టం రద్దయింది.

ఐనూలు ఆదివాసులని 2019లో చట్టంలోనే రాశారు. 2020లో వాళ్ల పేర పెద్ద మ్యూజియం తెరిచారు. ఆట, పాట, కుట్టుపని చూడటానికి జనం వస్తున్నారు. ఇది మంచిదే. మరి ఏరు? పూజకు సాల్మన్ పట్టాలన్నా ముందు అధికారుల అనుమతి కావాలి. ఏటిలో చేపలు పట్టడం తమ హక్కని కొందరు ఐనూలు కోర్టుకు వెళ్లారు. 2024లో అక్కడి జిల్లా కోర్టు కాదంది. ఆచారాన్ని మెచ్చుకొని, ఆ ఆచారానికి మూలమైన బతుకుతెరువును ఇవ్వకపోతే అది సగం న్యాయమే.

ఆలోచించండి: అడవి, ఏరు పోతే వాటి మీద పుట్టిన పాట ఎన్నాళ్లు ఉంటుంది? మీ ఇంట్లో, మీ ఊళ్లో పాత పాటలు ఎవరికి వచ్చు? ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా! ఒక పాటయినా అడిగి రాసిపెట్టండి.