క్రొత్త కంప్యూటరు - పాత విండోసు



“క్రొత్త యొక వింత, పాత యొక రోత” యని లోకోక్తి. కాని యింటిపట్టున నుండి శుభలేఖలు, కరపత్రములు, చిన్న పుస్తకములు తెలుగున కూర్చి నాలుగు రూకలు గడించు స్త్రీలకు పాతది రోత గాదు. అదియే వారి పనిముట్టు. వారిలో కొందఱు నేటికిని పేజిమేకరును వాడుచున్నారు. దాని కడపటి పెద్ద కూర్పు 2001వ సంవత్సరమున వెలువడినది. ఏండ్ల తరబడి కూర్చిన పుటలన్నియు దానియందే యుండుటచే, పాత కంప్యూటరు మూలబడగానే క్రొత్తదానిని కొని, అందులో తమ కలవాటైన విండోసు 7ను నెలకొల్పవలెనని వారు తలంచుట సహజము. ఇందెదురగు చిక్కులను మేము వరుసగా విన్నవించెదము.

మొదటిది ప్రవేశము. నేటి ల్యాప్‌టాపులలో పెక్కింట డీవీడీ పెట్టు తావే లేదు. అందలి దానిని పెన్‌డ్రైవులోనికి మార్చుకొనవలెను. అంతటితో తీరదు. కంప్యూటరు మేల్కొనగానే మొదట పనిచేయు బయాస్ స్థానమున నిప్పుడు యూఈఎఫ్ఐ వచ్చినది. అందలి సెక్యూర్ బూట్ అను కావలివాడు తా నెఱుగని వ్యవస్థను గడప దాటనీయడు. విండోసు 7 వానికి పరిచితము గాదు. కావలిని తొలగించినను, పాత పద్ధతి ననుకరించు సౌకర్యము క్రొత్త యంత్రములు పెక్కింట లేదు.

రెండవది మఱింత విసుగు పుట్టించునది. ఎట్లో లోపలికి బోయినచో, భాష నెంచుకొమ్మను ప్రశ్న తెరపై కనబడును. కాని కీబోర్డు పలుకదు, మౌసు మెదలదు! ఏలయన, యంత్రభాగములకును వ్యవస్థకును నడుమ డ్రైవరు అను దుబాసి యుండవలెను. యూఎస్‌బీ 3.0 భాష నెఱిగిన దుబాసి 2009 అక్టోబరు 22న వెలువడిన విండోసు 7లో లేడు. 2012లో విండోసు 8తోనే వాడు తోడు వచ్చెను.

మూడవది డిస్కు. నేటి ఎన్‌వీఎంఈ డిస్కుల నియమావళి 2011లో వెలువడినది. అంతకు ముందే పుట్టిన వ్యవస్థ దాని నెట్లు గుర్తించును? ఈ దుబాసులను ముందుగనే పెన్‌డ్రైవులో చేర్చుకొనవచ్చును. అయినను తెరకు, ధ్వనికి, వైఫైకి వేర్వేఱు డ్రైవర్లు కావలెను; క్రొత్త యంత్రములకు విండోసు 7 డ్రైవర్లు దొరకుట దుర్లభము. క్రొత్త ప్రాసెసర్లకు క్రొత్త విండోసే తోడగునని మైక్రోసాఫ్టువారు 2016 జనవరిలోనే ప్రకటించిరి.

ఇంత శ్రమపడి నెలకొల్పినను అపాయము తప్పదు. 2020 జనవరి 14తో సామాన్య గృహస్థులకు విండోసు 7 రక్షణ సవరణలు నిలిచిపోయినవి. గొళ్లెము లేని యింట నగలపెట్టె నుంచినట్లు, దానిపై బ్యాంకు వ్యవహారములు నడపరాదు.

మఱి యేమి చేయవలెను? క్రొత్త కంప్యూటరుతో వచ్చిన విండోసును తుడిచివేయకుడు. ఉచితముగా లభించు వర్చువల్‌బాక్సు వంటి దానిని అందులో నెలకొల్పినచో, కంప్యూటరులోనే మఱియొక కంప్యూటరు గది వలె నేర్పడును. ఆ గదిలోని కల్పిత యంత్రము పాత వ్యవస్థ కర్థమగు రీతిగనే మాటలాడును. కావున పై చిక్కులు చాలవఱకు తీరును. మీ విండోసు 7 అనుమతి సంఖ్యను దగ్గఱ నుంచుకొనుడు. ఆ గదికి ఇంటర్నెట్టు సంబంధము మాత్ర మీయకుడు.

అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో నర్థములేని యింగ్లీషు అక్షరములుగ గనబడును. 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగునకు యూనికోడులో స్థానము గలదు. కావున తీరిక దొరకినపుడెల్ల పాత పుటలను యూనికోడులోనికి మార్చుకొనుడు. ప్రతి పనికిని పీడీఎఫ్ ప్రతిని తీసి రెండుచోట్ల దాచుడు. పాత కంప్యూటరు నడచుచుండగనే యీ పని ముగించుట మేలు.

పాతదానిని పాఱవేయుమని యింటివారు చెప్పుట సులభము. అందలి పుట లొక్కొక్కటియు నెన్ని రాత్రులు మేల్కొని కూర్చినవో కూర్చిన యామెకే యెఱుక. యంత్రము మాఱినను ఆ కష్టార్జితము చెడకుండ కాపాడుకొనుటయే వివేకము.