బంగాళాఖాతం అడుగున అంటార్కిటికా చలి

వెంకటగిరికోట ప్రాంతంలో కురిసిన వాన పాలారులో చేరి, తమిళనాడు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సముద్రపు పైనీరు వేసవిలో 30 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. మూడు వేల మీటర్ల లోతుకు దిగితే అదే సముద్రంలో రెండు డిగ్రీలు కూడా ఉండదు. మంచు ముఖం ఎరుగని మన తీరాల దగ్గర ఇంత చన్నీరు ఎక్కడిది?

ఈ ప్రశ్న చాలా పాతది. 1751లో హెన్రీ ఎల్లిస్ అనే ఆంగ్ల నౌకాధిపతి అట్లాంటిక్‌లో వెచ్చని నీటి మీద ప్రయాణిస్తూ, మూతలున్న తొట్టిని తాడుతో లోతుకు దించి నీరు పైకి తీయించాడు. లోతుకు పోయేకొద్దీ నీరు చల్లగా వచ్చింది. ఆ శతాబ్దం ముగిసేలోగా కౌంట్ రమ్‌ఫర్డ్ దీనికి సరైన కారణం ఊహించాడు: ధ్రువాల దగ్గర చల్లబడి మునిగిన నీరే సముద్రపు అడుగు వెంట భూమధ్యరేఖ వైపు సాగి వస్తోందని.

మునగడానికి నీరు బరువెక్కాలి. మంచినీరు నాలుగు డిగ్రీల దగ్గర అత్యంత సాంద్రంగా ఉంటుంది, అంతకంటే చల్లబడితే మళ్లీ తేలికవుతుంది. అందుకే చెరువు పైనే గడ్డకడుతుంది. సముద్రపు నీటి తీరు వేరు. అది గడ్డకట్టే క్షణం దాకా, అంటే సుమారు మైనస్ 1.9 డిగ్రీల దాకా, బరువెక్కుతూనే ఉంటుంది. ఆ తర్వాత జరిగేదే అసలు విశేషం. అంటార్కిటికా మంచు పీఠభూమి మీది నుంచి జారివచ్చే భీకరమైన చలిగాలి తీరంలో ఏర్పడిన మంచును ఎప్పటికప్పుడు సముద్రంలోకి నెట్టేస్తుంది. నీరు మళ్లీ బయటపడుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. ఇలాంటి మంచులేని నీటి మడుగులను పోలినియాలంటారు. శీతకాలమంతా అవి ఆగకుండా మంచును తయారు చేస్తూనే ఉంటాయి. మంచు స్ఫటికంలో ఉప్పుకు చోటు లేదు. వెలివేతకు గురైన ఉప్పు కింది నీటిలో చేరి, దాని లవణీయతను పెంచుతుంది. అలా తయారైన నీరు ఘనమీటరుకు దాదాపు 1028 కిలోలు తూగుతుంది. మన బంగాళాఖాతపు పైనీరు సుమారు 1021 కిలోలు. వెయ్యికి ఏడు కిలోల తేడా! మహాసముద్రాల అడుగుభాగాన్ని నింపడానికి ఆ తేడా చాలు. బరువెక్కిన నీరు తీరపు గట్టు దాటి, ఖండపు వాలు వెంట జారుతూ, దారిలోని నీటిని కలుపుకుంటూ అగాధానికి చేరుతుంది.

ఈ అడుగునీటికి జన్మస్థానాలు కొన్నే ఉన్నాయి. వెడ్డెల్ సముద్రం, రాస్ సముద్రం, అడేలీ తీరం ముందే తెలిసినవి. నాలుగోది కేప్ డార్న్‌లీ తీరమని జపాన్ శాస్త్రవేత్తల బృందం 2013లో వెల్లడించింది. సముద్రంలో లంగరు వేసిన పరికరాలతో పాటు, ఏనుగు సీళ్లకు అమర్చిన పరికరాలు కూడా ఆ పరిశోధనకు సమాచారం అందించాయి. 2012లో ప్రారంభమైన మన భారతి పరిశోధన కేంద్రం ప్రిడ్జ్ అఖాతం తీరాన ఉంది. కేప్ డార్న్‌లీ దానికి వాయవ్యంగా కొన్ని వందల కిలోమీటర్లే.

అంటార్కిటికా చుట్టూ చేరిన అడుగునీటిలో కొంత భాగం హిందూ మహాసముద్రం లోయల వెంట ఉత్తరానికి కదులుతుంది. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగే మునిగిన పర్వతశ్రేణి దానికి అడ్డుగోడ. భూమధ్యరేఖకు దక్షిణాన 10, 5 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఆ గోడలో ఉన్న పల్లపు కనుమల గుండా నీరు పడమటికి దాటి, చివరకు మన వైపు వస్తుంది. ఈ ప్రయాణానికి పట్టేది వందల ఏళ్లు.

ఆ నీరు చలితో పాటు ప్రాణవాయువును మోసుకొస్తుంది. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ దాదాపు అడుగంటిపోయిన పొర ఉంది. ఇంకా కిందికి పోతే ఆక్సిజన్ మళ్లీ పెరుగుతుంది! అది ధ్రువప్రాంతంలో గాలి తగిలిన నీరు గనుక. పైనీటిని ముంచి లోతుకు ఆక్సిజన్ పంపే పనిని మన సముద్రం తనంతట తాను చేయలేదు. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు. పైగా గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ నదులు కుమ్మరించే మంచినీరు పైపొరను తేలికచేసి, మునగనివ్వదు. మునిగిన నీరు తిరిగి పైకి రావడానికి దక్షిణ మహాసముద్రపు పడమటి గాలులు, అడుగునున్న కొండల మీద అలజడి రేపే ఆటుపోట్లు సాయపడతాయి.

ఇప్పుడు ఈ వ్యవస్థ బలహీనపడుతోంది. కరిగే హిమానీనదాల మంచినీరు కలిసి ధ్రువ తీరపు నీటి ఉప్పదనం తగ్గుతోంది. అంటార్కిటికా అడుగునీరు వేడెక్కుతోంది, దాని పరిమాణం కుంచించుకుపోతోంది. ఉద్గారాలు ఇలాగే అధికంగా సాగితే 2050 నాటికి ఈ లోతు ప్రవాహం 40 శాతం పైగా మందగించవచ్చని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఇది ఎక్కడో మంచు ఖండపు వ్యవహారమని అనుకోవడం పొరపాటు, మన సముద్రపు అడుగుకు ప్రాణవాయువు అందేది అక్కడి నుంచే.

ఇలాంటి మార్పులను పసిగట్టాలంటే సముద్రపు లోతులను కొలుస్తూ ఉండాలి. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, హిందూ మహాసముద్రంలో ఆర్గో తేలియాడే పరికరాల సమాచారాన్ని సేకరించి అందిస్తోంది. లోపలి నూనెను బయటి సంచిలోకి పంపి పరికరం తన పరిమాణం పెంచుకుంటే పైకి లేస్తుంది, నూనెను వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి చేరవేస్తుంది. అంతకంటే లోతుకు దిగే పరికరాలు ఇంకా కొద్దిగానే ఉన్నాయి, అవి పెరగాలి. ఈ సమాచారం ఎవరికైనా ఉచితం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల్లో విజ్ఞానశాస్త్రం బోధించే అధ్యాపకులు బంగాళాఖాతంలోని ఒక్క పరికరపు కొలతలైనా తెప్పించి, విద్యార్థుల చేత లోతుకు తగ్గ ఉష్ణోగ్రత రేఖను గీయించాలని నా మనవి.