బాటసారికి ఏడు ఓవరులు

సంపాదకులవారి కోరిక స్పష్టముగనే యుండెను: వీపున సంచి తగిలించుకొని, తోడెవ్వరును లేక, నదీమధ్యమునందలి యొక మారుమూల దీవికి బోయి, అచ్చటి స్వల్పసౌకర్యములతో కాలము గడపి, ఆ ఏకాంతానందమును ఆదివారపు పాఠకులకు వడ్డింపవలెను, వ్రాతప్రతి మాత్రము గురువారము దాటరాదు. మాచవరమున నివసించువానికి నదియన్నచో కృష్ణ, దీవియన్నచో నాగార్జునకొండ. ఏకాంతవిహారమను ఈ నూతన వ్యామోహముపై నాకంతగా విశ్వాసము లేదు. ఒంటరిగా పోవుటయనగా, దారిలో అన్నము వండువారును, పడవ నడుపువారును, గది యూడ్చువారును తప్పక యుందురను ధైర్యముతో బయలుదేరి, తిరిగివచ్చిన పిదప వారిని లెక్కలో చేర్చకుండుట యని నా అభిప్రాయము. అయినను గడువు గడువే.

పిడుగురాళ్ళ సున్నపుబట్టీల పొగ దాటి, గురజాల, రెంటచింతలల మీదుగా మాచర్ల చేరి, అచ్చట బస్సు మారి విజయపురి సౌత్‌లో దిగితిని. లాంచీనిండ బడిపిల్లలు, వారి పులిహోర డబ్బాలు. నా ఏకాంతము రేవులోనే నీటిపాలయ్యెను. ఇంచుమించు గంట ప్రయాణము. దీవిమీద పురావస్తుశాఖవారి మ్యూజియము, చెట్లనీడ, పాతకోట గోడలు, పునర్నిర్మితములైన స్తూపచైత్యములు కలవు; కాని సాయంకాలపు లాంచీతో తిరిగిపోవలసినదే, రాత్రి బస లేదు. అనగా నాకు అప్పగింపబడిన వ్యాసమునకు ఆధారమే లేకుండ బోయినది.

చరిత్రను ఒక్క గుక్కలో చెప్పెదను. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయయందుండెను. 1926లో శిథిలములు పురావస్తుశాఖ దృష్టికి వచ్చెను. 1927–31లో లాంగ్‌హర్స్టు, 1938లో టి. ఎన్. రామచంద్రన్, 1954–60లో ఆర్. సుబ్రహ్మణ్యం త్రవ్వించిరి, 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను, 1967లో కాలువలకు నీరు వదలిరి, లోయ మునిగెను, ఎన్నుకొనిన కట్టడములను కొండమీదికిని ఒడ్డుననున్న అనుపునకును తరలించిరి, కొండ దీవి యయ్యెను.

ఆ కట్టడములలో బోధిశ్రీ చైత్యమని యొకటి కలదు. ఒక కొస అర్ధచంద్రాకారముగ వంగిన గోడల నడుమ చిన్న స్తూపము. పిల్లలు దానిచుట్టు ఒక్క పరుగు తీసి మ్యూజియమువైపు పోయిరి. నేను మాత్రము ఆ పేరు పట్టుకొని, ఇంటికి వచ్చిన తరువాత ఫోగెల్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటమున ప్రకటించిన శాసనపాఠము తెరచితిని. ఇక దీవియు సంపాదకులవారును వెనుకబడిరి. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 14వ పాలనసంవత్సరమున, నహరాళ్లబోడను గుట్టమీద, చైత్యగృహపు నేలరాతిపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతమున చెక్కించిన శాసనమది. దానిని చెక్కించిన బోధిసిరి, అనగా చైత్యపు పేరులోని బోధిశ్రీ, రాణి కాదు. గోవగామమునకు సంబంధించిన గృహస్థకుటుంబపు ఉపాసిక. ఈ లోయయందలి మహాచైత్యమువద్ద రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి మొదలగు అంతఃపురకాంతల పేళ్ళు స్తంభములపై నిలువగా, ఈ యిల్లాలు తన వితరణమునంతయు ఇంటిచిట్టావలె వరుసగా వ్రాయించినది.

చుళధమ్మగిరి విహారమున చైత్యగృహము, తామ్రపర్ణి (సింహళ) భిక్షుథేరుల కొఱకు; సింహళవిహారమున బోధివృక్షమునకు మందిరము; మహాధమ్మగిరియందు ఓవరి (భిక్షువు వసించు చిన్నగది) యొకటి; దేవగిరియందు ధ్యానసాధనకు శాల; పూర్వశైలమున చెరువును, వసారాతోగూడిన మండపమును; కంటకశైలమున మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము; హిరుముఠువమున ఓవరులు మూడు; పాపిలయందు ఏడు; పుష్పగిరియందు మఱియొక రాతిమండపము. కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగము, వనవాసి, ద్రావిడము మొదలగు దేశములకు ధర్మము చేర్చిన థేరులని ఆ తామ్రపర్ణివారిని శాసనము కొనియాడుచున్నది. భిక్షాపాత్రయు చీవరములును తప్ప మూటలేని అట్టి బాటసారి వచ్చి కూర్చుండుటకు వసారా, స్నానమునకు చెరువు, వానకాలము తలదాచుకొనుటకు ఓవరి: స్వల్పసౌకర్యములన్నచో ఇంతకు మించి యేమి కావలెను? ఆ యేడు ఓవరులను చదివినప్పుడు, ఏకాకి యాత్రికునిపై ఇంతటి శ్రద్ధ నేటి యే యాత్రాప్రకటనయందును నాకు కానరాలేదని తోచినది.

పుణ్యమును సైతము ఆమె ఒక్కతెయే యుంచుకొనలేదు. భర్తకు, తోబుట్టువులకు, బంధువులకు పేరుపేరున పంచినది. చంద్రముఖ, ధర్మనంది, నాగ అను మువ్వురు థేరులు పనిని పర్యవేక్షించిరి. చివరి మాట శిల్పిది: రాతిపని విధికునిది. కూలి పుచ్చుకొని పోయినవాని పేరు దాత పేరుతోపాటు రాతిపై నిలుచుట నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఒంటరి బాటసారి తన లెక్కలో విడిచిపెట్టువాడు ఇట్టివాడే కదా.

కావున, దీవిపై ఏకాంతవాసమును కోరువారికి నాగార్జునకొండ తగదు, అచ్చట నిదుర లేదు. పరులు తమకొఱకు ఏమేమి అమర్చిరో లెక్కపెట్టగలవారికి మాత్రము ఒక పగలు చాలదు.

పోదలచినవారికి

మాచర్లనుండి విజయపురి సౌత్‌కు రోడ్డు కలదు. బస ఒడ్డున చూచుకొనవలెను. తిరుగుదారిలో చంద్రవంకపై డెబ్బది అడుగులనుండి పడు ఎత్తిపోతలను, అనుపు ఒడ్డున తిరిగి నిలిపిన రంగస్థలమును చూడవచ్చును. రేవునుండి మెట్ట యెక్కవలెను గనుక ఎండలలో నీరు వెంటనుంచుకొనుడు. బయలుదేరుటకు ముందు లాంచీ నడచుచున్నదో లేదో విచారించుకొనుడు. శుక్రవారము మ్యూజియమునకు సెలవు, ఆనాడు పోవలదు.