లేతు యంత్రముపై కోతపని: అపాయములు, కారణములు

బోరుబావి మోటారు ఆగినప్పుడు రైతు పరుగెత్తునది రహదారి కూడలిలోని లేతు షాపునకే. బుష్ అరిగినది, క్రొత్తది కావలెను. పొలములో పైరు వాడుచుండును. “ఇప్పుడే కావలె”నని రైతు తొందర, “ఇదిగో అయినది” అని పనివాని తొందర. ఆ బుష్ కడ్డీనుండి తెగిపడు చివరి నిమిషము ఎంత ప్రమాదకరమైనదో గ్రామ పెద్దలలో ఎరిగినవారు తక్కువ. పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన విషయమని తలచి ఇచట వివరించుచున్నాము.

తయారైన వస్తువును కడ్డీనుండి వేరుచేయుటను షాపులలో ‘పార్టింగ్’ అందురు. చక్ అను ఉక్కు పిడికిలిలో బిగించిన కడ్డీ గిరగిర తిరుగుచుండగా, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల పనిముట్టును అడ్డముగా లోనికి నడిపింతురు. చూచువారికి చెరకు గడను నరికినంత సులభముగా తోచును. కాని చేయి తిరిగిన టర్నరు సైతము ఊపిరి బిగబట్టి చేయు పని ఇది. పనిముట్టు సన్నము, అది దిగవలసిన సందు లోతు. తెగిన లోహపు పొట్టు బయటికి వచ్చుటకు ఆ సందు తప్ప వేరు దారి లేదు. పొట్టు అందులో ఇరుక్కొన్నచో పనిముట్టు ఫెళ్ళున విరుగును. లేదా కడ్డీ చక్ నుండి ఊడి ఎగురును.

ఇటీవల మేమొక షాపునకు వెళ్ళితిమి. ఇరువది ఏండ్ల యువకుడొకడు గన్‌మెటల్ బుష్ కోయుచుండెను. అది తెగిపడబోవు సమయమున, క్రింద పడి నొక్కుపడునేమోయని, తిరుగుచున్న చక్ ప్రక్కనే అరచేయి చాచి పట్టుకొనెను. ఆ దినమున ఏమియు జరుగలేదు. మేము ప్రశ్నింపగా యజమాని తన ఎడమచేతి చూపుడువ్రేలు చూపెను. దానికి ఒక కణుపు లేదు. “నేనును ఇట్లే పట్టుకొంటినండీ, ఇరువది ఏండ్ల క్రిందట” అనెను. ఆ మాట తన పనివానికి అంతకుముందెన్నడును చెప్పియుండలేదు! బుష్ రంధ్రములోనికి వదులుగా దూరునట్టి సన్నని కడ్డీ నొకదానిని ఎదుటి టెయిల్‌స్టాకులో బిగించి ఉంచినచో, తెగిన బుష్ దానిపై నిలుచును. చేయి చాపవలసిన పనియే లేదు.

పనిముట్టు విరుగుటకు కారణములు తెలిసినవారికి ఆశ్చర్యకరములు కావు. దాని మొన సరిగా కడ్డీ నడిమి ఎత్తున ఉండవలెను. పైకి ఉన్నచో కోయక రాచుకొనును. క్రిందికి ఉన్నచో కడ్డీ దానిమీదికి ఎక్కజూచును. పనిముట్టు అవసరమునకు మించి బయటికి పొడుచుకొని యుండరాదు. 40 మిల్లీమీటర్ల కడ్డీని కోయుటకు 22 మిల్లీమీటర్లు బయట నున్న చాలును. కోయుచోటు చక్‌నకు సాధ్యమైనంత చేరువగా నుండవలెను. దూరమైనకొలది కడ్డీ వంగును. వేగమును తగ్గింపవలెను. ఆ లావు మెత్తని ఉక్కు కడ్డీ మామూలు పనిలో నిమిషమునకు 200 చుట్లు తిరుగుచున్నచో, కోతపనికి 100 చుట్లు చాలును. ఉక్కును కోయునప్పుడు నూనెగాని కూలెంటుగాని ధారగా పడుచుండవలెను. కంచు, పోత ఇనుములకు అది అంతగా అక్కరలేదు.

పాత యంత్రములలో మరొక చిక్కు కలదు. మరలు అరిగి వదులైనచో, తిరుగు కడ్డీయే పనిముట్టును లోనికి లాగుకొనును. లాగుకొన్నకొలది కోత మందమగును, మందమైనకొలది మరింత లాగును. కీచుమను చప్పుడు, అదురు వినవచ్చినచో అది హెచ్చరిక యని గ్రహింపవలెను. సెకండుహాండు యంత్రము చౌకగా కొన్నవారికి ఈ చప్పుడు నిత్యపరిచితమై, చెవికి ఆనుటయే మానివేయుట మేము చూచితిమి.

అన్నింటికంటె చెడ్డ పద్ధతి, పొడవాటి కడ్డీని రెండు కొనలయందును సెంటర్ల నడుమ పట్టించి మధ్యకు కోయుట. రెండు రాళ్ళపై దుంగ నుంచి నడుమ రంపము పెట్టినవారికి ఇది తెలియును. కోత ముగియవచ్చునప్పుడు దుంగ క్రిందికి క్రుంగి రంపమును కరచిపట్టును. ఇచటను అంతే. కాని ఇచట దుంగ నిలిచి యుండదు, గిరగిర తిరుగుచుండును. కనుక కొంత మిగులనిచ్చి, యంత్రమును ఆపి, మిగిలినది చేతిరంపముతో కోయుట క్షేమము. అందుకు పట్టునది రెండు నిమిషములు.

తిరుగు యంత్రము వద్ద కండువా, లుంగీ, పొడవు చేతుల చొక్కా, చేతికి తొడుగులు తగవు. తొడుగు రక్షణయని కొందరు భ్రమపడుదురు. అది చిక్కుకొన్నచో చేయి దానివెంట పోవును. కన్నులకు మాత్రము అద్దములు తప్పనిసరి. పొట్టును కొక్కెముతో, అదియు యంత్రమును ఆపిన పిదప తీయవలెను.

షాపు పెట్టుటకు అనుమతి కోరుచు పంచాయతీకి దరఖాస్తు వచ్చినప్పుడు, సభ్యులు కాగితము చూచి ఊరకుండక ఒకసారి స్థలమునకు పోయి చూచుట మంచిది. ఆపు స్విచ్చి పనివాని చేతికి అందునా? చక్‌నకు కప్పు కలదా? వెలుతురు చాలునా? నేలపై నూనె జారుచున్నదా? యంత్రము వద్ద నున్నవాడు బాలుడు కాడుగదా? 2016 లో సవరింపబడిన బాలకార్మిక చట్టము ప్రకారము 14 ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుట నేరము. ఐ.టి.ఐ.లలో టర్నరు శిక్షణ రెండేండ్లు. గ్రామ యువకులలో ఆసక్తి గలవారికి ఆ దారి చూపవచ్చును.

వ్రేలు తెగినచో గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి పట్టి, 108 కి ఫోను చేయవలెను. తెగిన భాగమును పారవేయరాదు. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచి, రోగితో కూడ పంపవలెను. మంచుగడ్డ నేరుగా దానికి తగులరాదు. కంటిలో లోహపు ముక్క గ్రుచ్చుకొన్నచో నలుపరాదు, పెరుకరాదు. కన్నును ఒత్తిడి లేకుండ కప్పి, వెంటనే కంటి వైద్యుని యొద్దకు కొనిపోవలెను.