సుగ్గికి ముందే చెప్పాల్సిన పాఠం

దసరా దాటితే చాలు, కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, కౌతాళం... వాన ముఖం చాటేసిన ఏడాదైతే చెప్పనక్కర్లేదు. బియ్యం మూటలు, తట్టాబుట్టా, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు బయల్దేరతారు. కొందరు బెంగళూరు కట్టడం పనులకు. అక్కడి మాటలో దీన్నే 'సుగ్గికి పోవడం' అంటారు.

వెంట వెళ్లిన పిల్లలు ఎక్కడ పడుకుంటారు? పొలం పక్కన పట్టాలతో వేసిన గుడారంలో. దానికి తలుపుండదు, గడియ ఉండదు. అమ్మానాన్నలు మిరప సాళ్లలో ఉంటే చంటిదాన్ని చూసేది ఎనిమిదేళ్ల అక్కే. చుట్టూ మేస్త్రీ, డ్రైవరు, పక్క గుడారంలో వరసకు మామ అయ్యేవాడు... అందరూ తెలిసినవాళ్లే.

చిక్కు అక్కడే ఉంది. 'కొత్తవాళ్లతో మాట్లాడొద్దు' అని చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో నివేదిక ఇచ్చింది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నవారు 53.22 శాతం. వారిలో సగానికి పైగా మగపిల్లలు! వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లో, నమ్మకస్తులో.

అమ్మ దగ్గర లేకపోతే?

లోదుస్తులు కప్పే చోట ఎవరైనా తాకితే గట్టిగా వద్దనాలి, అక్కణ్నుంచి పరుగెత్తాలి, నమ్మినవాళ్లకు చెప్పాలి. తరగతిలో చెప్పే పాఠం ఇంతే. మొదటి రెండూ పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. మూడోదే కష్టం. సీజనల్ హాస్టల్లో ఉన్న పిల్లవాడికి అమ్మ గుంటూరులో ఉంది. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపు ఎందరో తల్లులు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లారు. బిడ్డ అవ్వ దగ్గరో, చిన్నాయన ఇంట్లోనో పెరుగుతుంది. ఫోన్లో అమ్మ గొంతు వినిపించేటప్పుడు పక్కన ఎవరు కూర్చుని ఉంటారో!

అందుకే 'అమ్మకు చెప్పు' అని తేల్చేస్తే సరిపోదు. చేతివేళ్లు చూపించి ఒక్కో వేలికి ఒక్కో పేరు చెప్పించాలి. ఊళ్లో ఉంటే ఎవరు? గుడారంలో ఉంటే ఎవరు? అయిదో వేలికి 1098. ఏ ఫోన్ నుంచయినా, ఏ వేళయినా, పైసా ఖర్చు లేదు. జూన్‌లో ఒకసారి చెప్పేసి వదిలేస్తే లాభం లేదు. సుగ్గి బండి ఎక్కకముందు ఒకసారి, తిరిగొచ్చాక మరోసారి చెప్పాలి.

పరిధి గొడవ లేదు

తిరిగొచ్చిన బిడ్డ నోరు విప్పిందనుకోండి. 'పరువు పోతుంది, ఊరుకో' అని సర్దిచెప్పే వీలు టీచరుకు లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాల్సిందే. దాచినవారికి ఆరు నెలల వరకు, సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు జైలు. 'గుంటూరులో జరిగిందిగా, అక్కడే ఇచ్చుకోండి' అని స్టేషన్‌లో తిప్పి పంపడానికీ లేదు. నేరం ఎక్కడ జరిగినా దగ్గరి ఠాణాలోనే జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ ప్రక్రియా స్మృతి దీన్ని చట్టంలోనే రాసింది.

పోలీసుల పేరెత్తితే పిల్లలు బిగుసుకుపోతారు. వాళ్లకు ఇది కూడా పాఠంలోనే చెప్పాలి. వాంగ్మూలం కోసం బిడ్డే ఠాణాకు వెళ్లనక్కర్లేదు. వీలైనంత వరకు మహిళా ఎస్‌ఐ ఇంటికే వస్తారు, ఖాకీ దుస్తుల్లో రాకూడదు. ఏ కారణంతోనూ బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.